అన్నప్పటి రేటు

"పది సాయంత్రాలు. పదంటే పదే. తర్వాత ఇరవై నాలుగు వండిపెడ్త," అన్నాడు భూమయ్య.

సంజీవ్ కింది మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"బారి అంటే బారే కాకా. నీకొక్కనికి ఇడిసిపెడ్తే రేపు అందరు అడుగుతరు."

గల్ఫ్‌లో ఇబ్రి ఊరి బయట కంపెనీ క్యాంపులో ఏడో నంబరు రూమ్ అది. అందులో ఆరుగురు. రోజుకొకరు వండాలి. ఆ వంతును బారి అనేవారు. ఏ హిందీవాడి దగ్గర పట్టుకొచ్చారో గాని, ఆ మాట రూములో పాతుకుపోయింది. డబ్బు పందెం పోలీసుల దాకా పోతే జైలు, ఆపైన ఇంటికి టికెట్. అందుకని శుక్రవారం క్రికెట్ మీద బారీలే కాసేవారు. పందేలు కట్టించుకునేది సంజీవ్. నిజామాబాద్ మనిషి, కంపెనీలో టైంకీపర్. ఎనిమిది నెలలుగా అతను ఒక ఉల్లిగడ్డ కోసిన పాపాన పోలేదు. గెలిస్తే తన బారి ఓడినవాడు వండేవాడు. ఓడితే, గెలిచినవాడి బారి కూడా ఇంకో ఓడినవాడి చేతే వండించేవాడు. రెండు నెలలుగా ఆ ఇంకొకడు భూమయ్యే. ప్రతి సాయంత్రం అతనే వండుతున్నాడు. ఇంకా ఇరవై నాలుగు మిగిలాయి.

మామూలుగానైతే అడిగేవాడు కాదు. అడిగే అలవాటు అతనికి లేదు. కాని కడప ఖాదర్‌వలి కంపెనీ స్టోర్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. స్టోర్‌లో ఇంకో డ్రైవర్ కావాలట. శనివారం నుంచి పది సాయంత్రాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా నేర్పుతానన్నాడు. నెలాఖరున టెస్ట్. పాసైతే వీసా రెన్యువల్. లేకపోతే ఈ సైట్ అయిపోగానే ఇంటికే. యాభై రెండేళ్లొచ్చి, మెట్టెక్కితే మోకాలు పట్టుకునే షట్టరింగ్ కార్పెంటర్‌ను ఏ కంపెనీ మాత్రం ఉంచుకుంటుంది? ఆరు నుంచి ఎనిమిది. వంట వేళ కూడా సరిగ్గా అదే.

భూమయ్య పొయ్యి దగ్గరికి పోయాడు. పప్పు కడిగి కుక్కర్‌లో పోశాడు. మూత పెట్టి వెనక్కి వచ్చాడు.

"మార్కెట్ టీం రేటెంత?"

సంజీవ్ ఇప్పుడు తల ఎత్తాడు. తలుపు వెనక మేకుకు ప్లైవుడ్ ముక్క వేలాడుతోంది. దాని మీద సుద్దతో కింద భూమయ్య పేరు, ఇరవై నాలుగు; పైన రెండు టీంల పేర్లు. సిమెంట్ బ్లాకుల ఫ్యాక్టరీ టీం, కూరగాయల మార్కెట్ టీం. మార్కెట్ పక్కన ఆరు. ఒక బారి కాస్తే ఆరు బారీలు.

"మార్కెట్ మీద నాలుగు," అన్నాడు భూమయ్య.

పై మంచం మీద ఆంజి లేచి కూర్చున్నాడు. రాజంపేట మనిషి, స్టీల్ పని. "మామా, వాళ్లు టమాటాలు ఏరుకునేవోళ్లు. బ్లాకులోళ్లకు ఖమరుద్దీన్ ఉండాడు. వాని బంతి కంటికి కనపడదు."

"ఓడితే ఇరవై ఎనిమిది అయితది కాకా," అన్నాడు సంజీవ్. నవ్వు ఆపుకోలేదు.

"లెక్క నాకొస్తది. రేటు గట్టిగ చెప్పు. అందరు వినాలె."

అందరూ వినాలన్నది ఊరికే కాదు. కిందటి నెల ఒకసారి ఐదు చొప్పున కాసి గెలిచాడు. "మధ్యల రేటు మారింది కాకా" అని సంజీవ్ ఒకటిన్నర చొప్పున ఇచ్చాడు. ఆ రోజు అందరూ తమ కంచాల్లోకి చూసుకుంటూ తిన్నారు.

"ఆరు!" అని కేకపెట్టాడు సంజీవ్, ఎండు చేపలు వేలం వేసేవాడిలా. "మార్కెట్ ఆరు, భూమయ్య కాక నాలుగు. ఖలాస్!"

నాలుగార్లు ఇరవై నాలుగు. ఎక్కం చదివిన బడి ఇప్పుడు లేదు, ఎక్కం ఉంది. కుక్కర్ కూత పెట్టింది. భూమయ్య పోయి మంట తగ్గించాడు.

మార్కెట్ టీం సంగతి రూములో అతనికొక్కడికే తెలుసు. రోజూ వండేవాడు రోజూ కూరగాయలకు పోతాడు. మార్కెట్ వెనక, లారీకీ లారీకీ నడుమ దొరికే సందులో ఆ హమాలీలు ఆడటం రెండు నెలలుగా చూస్తున్నాడు. పగిలిన సిమెంటు నేల మీద, బస్తాల వరసల మధ్య, నున్నగా అరిగిపోయిన బంతితో. అక్కడ కొట్టడానికి చోటు లేదు. అందుకని వాళ్లు బంతిని కొట్టరు. ఆపి పరుగెత్తుతారు. ఆ పరుగు చూసి తీరాలి.

*

మంగళవారం సైట్‌లో గొడవైంది.

పిల్లర్లకు ప్యానెళ్లు కోసి వరసగా ఆనించి పెట్టాడు భూమయ్య. పన్నెండు. పదిగంటలకు ఫోర్‌మన్ కొత్త డ్రాయింగ్ ఊపుకుంటూ వచ్చాడు. పిల్లర్ లావు పెరిగింది. టేపు లాగి ప్యానెల్ మీద పెట్టి, పెద్ద గొంతు చేశాడు. పన్నెండు ప్యానెళ్లు తప్పు కోశావు, ప్లైవుడ్ ఖరీదు నీ జీతంలో పట్టిస్తా అన్నాడు. అంతా హిందీలోనే, తిట్లు మాత్రం ఇంకో రెండు భాషల్లో.

భూమయ్య రంపం కింద పెట్టాడు. ఒక ప్యానెల్‌ను తిప్పి వెనక వైపు చూపించాడు. మూలన పెన్సిల్‌తో డ్రాయింగ్ నంబరు, తేదీ రాసి ఉన్నాయి. ప్రతి ముక్కకూ రాస్తాడు. నేర్పినవాళ్లెవరూ లేరు. ఒకసారి జీతం కోత పడితే మనిషి తానే నేర్చుకుంటాడు.

గొడవ విని వచ్చిన ఇంజనీర్ మలయాళీ. వంగి చదివాడు. ఫైలు తీసి పాత డ్రాయింగ్ పక్కన పెట్టాడు.

"కోసిన రోజు చేతిలో ఉన్నది ఈ డ్రాయింగే. కొత్తది నిన్న సాయంత్రం వచ్చింది. ఇతని తప్పేమీ లేదు," అన్నాడు ఫోర్‌మన్‌తో. "కొత్తవి కొత్త కొలతతో కోస్తాడు. వీటిని వేరేచోట వాడండి."

ఫోర్‌మన్ డ్రాయింగ్ చుట్ట చుట్టుకుని పోయాడు. భూమయ్య పెన్సిల్ చెవి మీద పెట్టుకుని రంపం అందుకున్నాడు. మధ్యాహ్నం దాకా కోస్తూనే ఉన్నాడు గాని, మనసు రంపం మీద లేదు.

సాయంత్రం రూముకు వచ్చేసరికి ప్లైవుడ్ ముక్క మీద ఆరు లేదు. సుద్ద తుడిచిన తెల్లటి మరక, దాని మీద రెండు.

"ఏందిది?"

"ఖమరుద్దీన్‌ను ట్రైలర్ ఇచ్చి దుఖుమ్ రేవుకు పంపిండ్రు కాకా. శుక్రవారం లేడు. వాడు లేకపోతే బ్లాకులోళ్లు ఉత్త బ్లాకులే. రేటు పడిపోయింది," అన్నాడు సంజీవ్.

"పడితే పడనియ్. పొద్దున తర్వాత కాసినోళ్లకు రెండు. నాకు ఆరు."

"బోర్డు మీద ఒక్కటే రేటుంటది కాకా."

భూమయ్య వంకాయలు కోస్తున్నాడు. కత్తి ఆపలేదు. "కోసిన చెక్కకు కొత్త డ్రాయింగ్ పెట్టి తప్పని అంటరా? నేను సోమవారం కోసిన. సోమవారం కొలత ఆరు."

"అబ్బో, కాక ఇంజనీరైండు!" అన్నాడు సంజీవ్. ఎవరూ నవ్వలేదు, అదే రూములో ఉండే మంచిర్యాల అన్నదమ్ముల్లో చిన్నవాడు తప్ప. పెద్దవాడు మోచేత్తో పొడిస్తే అతనూ ఆగాడు.

రూములో ఆరో మనిషి మేస్త్రీ పెంచలయ్య అప్పుడే లుంగీ బిగించుకుని బోర్డు దగ్గరికి వచ్చాడు. కడప జిల్లావాడే, కాని ఆంజిలా వాగడు. ఏ గాలి వీస్తే అటు పెంచలయ్య. "రెండైనా మేలే. ఖమరుద్దీన్ లేడంటే మార్కెట్టే. నాది మూడు రాసుకో."

సంజీవ్ రాసుకున్నాడు. తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"కాకా, ఒక మాట. నీ పందెం ఇడిసెయ్. మ్యాచ్ గీచ్ ఏం లేకుండ ఇప్పుడే ఎనిమిది బారీలు కొట్టేస్త. చేతికొచ్చింది తీసుకోవాలె. రేపు మళ్ల రేటు ఎటు పోతదో."

ఎనిమిది. చిన్నదేమీ కాదు. కాని ఎనిమిది పోతే పదహారు మిగులుతాయి. శనివారం సాయంత్రం ఆరింటికి మళ్లీ ఇదే పొయ్యి ముందు నిలబడాలి. భూమయ్య వంకాయ ముక్కలు నూనెలో వేశాడు. నూనె చిటపటలాడింది.

"నువ్వొచ్చి అడుగుతున్నవంటే నా పందెం మంచిగున్నట్టే. జరుగు, నూనె చిందుతది."

*

గురువారం ఖమరుద్దీన్ తిరిగొచ్చాడు. ట్రైలర్ ఖాళీ చేసి రాత్రంతా నడుపుకుంటూ వచ్చాడట. క్యాంపు గేటు దగ్గర అతన్ని చూసినవాళ్లు చూసినట్టే రూములకు పరుగెత్తారు.

బోర్డు మీద రెండు పోయి పది వచ్చింది.

పెంచలయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. "నా మూడు వెనక్కియ్యి," అన్నాడు.

"ఖలాస్ అన్నంక వెనక్కెట్లిస్త?" అన్నాడు సంజీవ్. తనకు లాభమైనప్పుడు ఖలాస్ అంటే ఖలాసే.

"అట్లయితే బ్లాకుల మీద ఇంకో మూడు రాసుకో. ఇది పోతే అదన్నా వస్తాది."

"బ్లాకుల మీద నాలుగు కాస్తే ఒకటే వస్తది."

"రానీ. రాసుకో నువ్వు."

ఎటు గెలిచినా మూడు బారీలు పోయేలా పందెం కట్టుకుని పెంచలయ్య స్థిమితపడ్డాడు. అప్పుడు ఆంజి పై మంచం మీంచి కాళ్లు ఊపుతూ అన్నాడు: "పదంటనా? మార్కెట్ మీద నాదొకటి వెయ్యి. పోతే ఒక బారి. వండేది మామే కదా, నాకు సాయం పడతాడు."

"పడ," అన్నాడు భూమయ్య.

అతను పిండి కలుపుతున్నాడు. చేతులు పిండిలో ఉన్నాయి గాని, చెవులు బోర్డు దగ్గరే ఉన్నాయి. పది. ఇంకో నాలుగు కాస్తే? గెలిస్తే నలభై. ఎనిమిది నెలల దాకా పొయ్యి వైపు చూసే పని ఉండదు. ఓడితే ముప్పై రెండు. పిండిని పిడికిలితో గుద్దాడు. భార్య రాములవ్వ బతికుంటే ఫోన్‌లో అడిగేవాడు. మూడేళ్లుగా ఆ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తరు. తనను తానే అడుక్కున్నాడు. సోమవారం నుంచి ఏం మారింది? ఇవాళ కూరగాయలకు పోతే హమాలీలు అదే సందులో, అదే బంతితో ఆడుతున్నారు. అంతే బాగా పరుగెత్తుతున్నారు. మారింది తలుపు వెనక అంకె ఒక్కటే. ఆరు రెండైనప్పుడు తన పందెం బంగారం కాలేదు. ఇప్పుడు పదైనందుకు మట్టీ కాలేదు. నాలుగు కాశాడు. నాలుగే.

సంజీవ్ సుద్ద వేళ్ల మధ్య తిప్పుకుంటూ పక్కకు వచ్చాడు. మంచి హుషారు మీద ఉన్నాడు.

"కాకా, నేను అన్యాయం చేస్తనని నీకు అనుమానం. ఇగో, అందరు వినుండ్రి. బోర్డు మీద పదుంది. నీ నాలుగు కూడ పది చొప్పున రాసుకుంట. గెలిస్తే నలభై! ఇప్పుడేమంటవ్?"

రూమంతా భూమయ్య వైపు తిరిగింది.

"వద్దు."

"ఆఁ?"

"ఆరే ఉండనియ్."

"మామా, నీకేమన్నా దెయ్యం పట్టిందా?" అన్నాడు ఆంజి. "నాలుగు పదులు నలభై!"

"ఇయ్యాల పదికి సరే అంటే, రేపు రెండుకు గూడ సరే అన్నట్టు. నేను ఆరని విని కాసిన. పదైనా వద్దు, రెండైనా వద్దు." చపాతీ ఒత్తడం మొదలుపెట్టాడు. "అందరు వినుండ్రి అన్నడు గదా. విన్నరా?"

"విన్నం," అన్నాడు మంచిర్యాల పెద్దవాడు. వారంలో అతను రూములో మాట్లాడిన మొదటి మాట అదే.

*

శుక్రవారం పొద్దున వాదీలో, అంటే ఎండిపోయిన వాగులో మ్యాచ్. గులకరాళ్లు ఏరి, నడుమ సిమెంటు పట్టీ పరిచిన మైదానం. చుట్టూ నాలుగైదు క్యాంపుల జనం. టాస్ వేసే ముందు ఖమరుద్దీన్ రెండుసార్లు నడుము పట్టుకుని వెనక్కి వంచడం సంజీవ్ చూశాడు. బుధవారం రాత్రంతా ట్రైలర్ నడిపిన నడుము. వెంటనే వెనక్కి తిరిగి తన రూమ్ వాళ్లకు వినపడేలా అన్నాడు: "మార్కెట్ మళ్ల రెండు! టాస్ రేటు రెండు!"

భూమయ్య రాయి మీద కూర్చున్నాడు. విననట్టే ఉన్నాడు.

ఎనిమిది ఓవర్లలో బ్లాకుల టీం డెబ్బై ఒకటి కొట్టింది. అందులో ఐదు సిక్సర్లు. బంతి పోయి పొదల్లో పడ్డప్పుడల్లా సంజీవ్ ఈల వేశాడు. మార్కెట్ వాళ్లు ఒక్క సిక్సర్ కూడా కొట్టలేదు. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. చూసేవాళ్లకు ఆవలింతలు వచ్చాయి. ఏడు ఓవర్లకు అరవై మూడు. ఆఖరి ఓవర్ ఖమరుద్దీన్‌ది. ఆరు బంతుల్లో తొమ్మిది కావాలి.

ఫీల్డర్లందరూ దూరంగా జరిగారు. తొమ్మిది కావాలంటే ఎవడైనా గాల్లోకి లేపాల్సిందే కదా.

హమాలీ లేపలేదు. బ్యాట్ అడ్డం పెట్టాడు. బంతి కాళ్ల దగ్గర చచ్చిపడింది. ఇద్దరూ లుంగీలు ఎగదోసి, నెత్తిన బస్తా ఉన్నట్టే నడుం నిలబెట్టి, కాళ్లు మాత్రం మిషన్లలా ఆడిస్తూ పరుగెత్తారు. దూరాన ఉన్న ఫీల్డర్ గులకరాళ్ల మీద జారుతూ వచ్చేసరికి రెండు. తర్వాత ఒకటి. మళ్లీ రెండు. ఖమరుద్దీన్ కసిగా వేశాడు. బంతి బ్యాట్ అంచుకు తగిలింది. ఒకటి. ఇంక రెండు బంతుల్లో మూడు కావాలి.

"దగ్గరికి రండ్రా!" అని బ్లాకుల కెప్టెన్ హిందీలో అరిచాడు. అందరూ దగ్గరికి వచ్చారు. హమాలీ అప్పుడు బంతిని మెల్లగా వాళ్ల మధ్య నుంచి తోశాడు. వెనక ఎవరూ లేరు. రెండు. సమానమైంది.

భూమయ్య ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలియదు. మోకాలు నొప్పి సంగతీ తెలియలేదు.

ఆఖరి బంతి బ్యాట్‌కు తగిలి అక్కడే పడింది. ఖమరుద్దీన్ స్వయంగా దాని మీదికి దూకాడు. నడుము వంగలేదు. అతను బంతి ఎత్తేసరికి హమాలీలు ఇద్దరూ గీతలు దాటి, ఆగకుండా అలాగే మార్కెట్ జనంలోకి పరుగెత్తారు.

ఆంజి గంతులు వేస్తూ వచ్చి భూమయ్యను వాటేసుకున్నాడు. "మామా! పది! నాకు పది!"

*

మధ్యాహ్నం రూములో బిర్యానీ గిన్నె చుట్టూ ఆరుగురూ కూర్చున్నారు. ఇంకా ఎవరూ ముద్ద నోట పెట్టలేదు.

"టాస్ రేటు రెండు," అన్నాడు సంజీవ్, సుద్ద పట్టుకుని. "కాకకు ఎనిమిది. ఆంజికి రెండు. పెంచలయ్యకు—"

"నాకు రెండా?" ఆంజి కంచం నెట్టేశాడు. "నిన్న పదని నీ నోటితోనే అన్లే? మ్యాచ్‌లో టమాటాలోళ్లు పరుగెత్తినట్ట నీ రేటు పరుగెత్తుతాందే!"

"పదే నాయం," అన్నాడు పెంచలయ్య. అతని గాలి మళ్లీ తిరిగింది. "బోర్డు మీద పెద్దది పదుండె. అందరికీ పదే ఇయ్యి. నాకు ముప్పై రావాల. మామకు నలభై."

"నలభై! మామకు నలభై!" అని మంచిర్యాల చిన్నవాడు కూడా అందుకున్నాడు. అతను పందెమే కాయలేదు.

సంజీవ్ సుద్దను గోడకేసి కొట్టాడు. "అట్లనా? అయితే పందెమే క్యాన్సిల్. ఎవ్వనికి ఏం లేదు. ఎవని బారి వాడు వండుకోండ్రి. కాక ఇరవై నాలుగు కాకకే."

అది కొట్టాలని కొట్టిన దెబ్బ. అందరూ పది అడిగితే ఎవరికీ ఏమీ రాదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ ఇప్పుడే అర్థమైంది.

భూమయ్య లేచి పోయి చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"అందరికి పది ఎట్లొస్తది?" అన్నాడు.

సంజీవ్ చప్పున అతని వైపు చూశాడు.

"పెంచలయ్యా, నువ్వు మంగళవారం రెండని విని కాసినవ్. నీకు రెండే. మూడు రెండ్లు ఆరు. బ్లాకుల మీద పెట్టిన మూడు పోయినయ్. అవి నువ్వు వండాలె."

"ఓ మామా, నువ్వు వాని పక్కనా? వాడు నిన్ను రెండు నెలలు వంటోన్ని చేసినాడే!"

"నేను ఎవని పక్క కాదు. వానికి ఎక్కువ వండమని నేను చెప్ప. తక్కువ వండితే ఊకోను." ఆంజి వైపు తిరిగాడు. "ఆంజి పదని విన్నడు. వానికి పది. నాకంటె తక్కువ కాసి, నాకంటె మంచి రేటు తీసుకున్నడు. అది వాని నసీబు. నాకు ఆరు. ఎవనికి ఏది చెప్పిండో వానికి అది. పొద్దుటి టాస్ రేటు మీద కాసినోడు ఒక్కడన్నా ఉన్నడా? లేడు. అయితే ఆ రేటు ఎవనిది?"

ఆ రేటు ఎవరిదీ కాదు.

"మామ చెప్పింది కరెక్టు," అన్నాడు ఆంజి. పెంచలయ్య వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఆరు వస్తాయి, మూడు పోతాయి. క్యాన్సిల్ అయితే ఏమీ లేదు. "సరే, రెండే గానీ," అన్నాడు.

"నిన్న పది ఇస్తనంటేనే కాక వద్దన్నడు. మేమందరం విన్నం. లాభానికే మార్చుకోనోడు నష్టానికి మార్చుకుంటడా?" అన్నాడు మంచిర్యాల పెద్దవాడు. "సంజీవన్నా, ఒప్పుకో."

సంజీవ్ చుట్టూ చూశాడు. ఇందాక పది అని అరిచిన నోళ్లయితే వాటిని దబాయించేవాడు. ఇప్పుడు ఎవరూ అరవడం లేదు. ఎవరూ తమది కానిది అడగడం లేదు.

"రేపటి నుంచి డ్యూటీ టైములు గూడ అన్నప్పటివే చూస్త, యాదుంచుకోండ్రి," అన్నాడు చివరికి. "ఒక్క నిమిషం లేటైనా..."

"చూడు. వేలు పెట్టేది మేము, మిషన్ల. టైం రాసేది మిషను. నువ్వు కాయితం మోసేటోనివే," అన్నాడు భూమయ్య. "ఇగ తుడువు. ఇరవై నాలుగు."

సంజీవ్ తలుపు దగ్గరికి పోయాడు. భూమయ్య పేరు అరచేత్తో తుడిచాడు. భూమయ్య లేచి చూశాడు. అంకె మూల ఇంకా కనిపిస్తోంది. "అది గూడ," అన్నాడు. సంజీవ్ చొక్కా అంచుతో రుద్దాడు.

అప్పుడు బిర్యానీ వడ్డించుకున్నారు.

*

శనివారం ఐదున్నరకు పొయ్యి ముందు సంజీవ్ నిలబడ్డాడు. ముందు తన బారి, తర్వాత ఆంజివి పది, ఆ తర్వాత పెంచలయ్యవి. ఉల్లిగడ్డ పొట్టుతో సహా కోసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ అదే చేత్తో కళ్లు నలుపుకున్నాడు. ఆంజి పై మంచం మీంచి ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. "అన్నా, ఇట్ట తిరుగు. ఏడుపు బాగా రావాల!"

భూమయ్య బూట్లు కట్టుకుంటున్నాడు.

"కాకా," అన్నాడు సంజీవ్. చాలా కష్టం మీద అన్నాడు. "పప్పుల చింతపండు ఎప్పుడెయ్యాలె? ముందా, ఉడికినంకనా?"

భూమయ్య లేసు ముడి బిగించాడు. రెండో బూటు అందుకున్నాడు.

"ఎనిమిది నెలలు తిన్నవ్ గదా. యాదికి తెచ్చుకో."

స్టోర్ యార్డులో ఎండ తగ్గింది. ఖాదర్‌వలి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కించి, పక్కన నిలబడి, లీవర్లు ఒక్కొక్కటీ చూపించాడు. ఇది ఎత్తేది, ఇది వంచేది, అది చెయ్యి వణికితే చంపేది. భూమయ్య కోతకు ముందు చెక్కను చూసినట్టు ఫోర్కులను చూశాడు. మెల్లగా ముందుకు తోలాడు. రెండు ఇనుప పళ్లూ పెట్టెలు పేర్చిన చెక్క ప్యాలెట్ కిందికి తగలకుండా దూరాయి. లీవర్ లాగాడు. నలభై టైల్స్ పెట్టెలు ఒక్కసారిగా నేలను వదిలి పైకి లేచాయి. మోకాలు దాకా, నడుం దాకా, తల దాకా. వీపు మీద ఒక్క వీసం కూడా బరువు లేదు.

"సుభానల్లా!" అన్నాడు ఖాదర్‌వలి. "మొదటి రోజే ఇంత సక్కగా ఎవురూ దూర్చలా అన్నా. చెయ్యి చెక్క పనిది కదా, కొలత తెలుసు. దించు, మళ్లీ ఎత్తు. ఎనిమిదైపోతాది, ఆకలేస్తాందా? ఏమన్నా తినొచ్చినావా?"

"లేదు," అన్నాడు భూమయ్య. లీవర్ మీది చెయ్యి తియ్యలేదు. "రూముకు పోయి తింట. వండిపెడ్తుండ్రు."